అప్‌డేట్: మెట్ల కింద డ్రమ్స్, పైన రెండే మైకులు

బ్రిటిష్ రాక్ బృందం లెడ్ జెప్లిన్ 1971 నాటి ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ పాటలో జాన్ బోనమ్ డ్రమ్స్‌కు ఉన్న గాంభీర్యం, ప్రతి డ్రమ్‌కూ దగ్గరగా మైకు పెట్టినా నాకెందుకు రావడం లేదని లోగడ అడిగాను. ఇంజనీరు ఆండీ జాన్స్ ఇంగ్లండులోని హెడ్లీ గ్రేంజ్ భవనంలో డ్రమ్స్‌ను మెట్ల హాలులో కింద ఉంచి, పైన రెండు బేయర్ ఎం160 రిబ్బన్ మైకులు అమర్చి, కంప్రెషన్‌తో (పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడాను తగ్గించే ప్రక్రియ) గది ప్రతిధ్వనిని పెంచి, బిన్సన్ ఎకోరెక్ అనే ఎకో యంత్రంతో మారుమోత జోడించారని మీరు వివరించారు.

మా అపార్టుమెంటు మెట్ల దగ్గర అదే పద్ధతిని ప్రయత్నించాను. మైకులు ఒక అంతస్తు పైకి చేరగానే కిక్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్), స్నేర్ (కర్రలతో వాయించే చిన్న డ్రమ్) విడివిడిగా కాక ఒకే వాద్యంలా వినిపించాయి. నాకు నిజంగా ఒళ్లు పులకరించింది. అయితే కంప్రెషన్ పెంచినకొద్దీ సింబల్స్ (లోహపు తాళాలు) మోత మితిమీరింది, మిత్రుడు వాటిని మెల్లగా వాయించాకే అది అదుపులోకి వచ్చింది. ఎకో వ్యవధిని పాట లయకు సరిపెట్టడం ఇంకా మిగిలి ఉంది.