“ఒకటి రెండడుగుల మేర”, న్యూగ్రేంజ్‌లో “పగలూ రాత్రీ”

బోయిన్ ఒడ్డు:
అందరికీ నమస్కారం. నేను డబ్లిన్‌లో ఉంటాను. పోయిన శనివారం న్యూగ్రేంజ్ వెళ్లొచ్చాను. 5 వేల ఏళ్లకు పైబడిన రాతి సమాధి గుట్ట అది. గైడ్ వెంట లేకుండా లోపలికి పంపరు. సందర్శకుల కేంద్రం దగ్గర బోయిన్ నది మీది వంతెన దాటించి, బస్సెక్కించి తీసుకెళ్తారు. 19 మీటర్ల ఇరుకు దారిలో వంగి నడిస్తే చివర చిన్న గది వస్తుంది. అందులో నిలబడ్డాక లైట్లన్నీ ఆర్పేసి, డిసెంబర్ 21 ప్రాంతంలో పొద్దున్నే ఎండ లోపలిదాకా ఎలా పాకుతుందో ఒక దీపంతో చూపించారు. ఆ కాసేపూ ఎవరూ మాట్లాడలేదు.

నేను అడగాలనుకున్నది మాత్రం గుట్ట బయట విన్న కథ గురించి. ఈ గుట్ట మొదట ఎల్క్‌మర్ అనే ఆయన ఇల్లట. దగ్దా అనే దేవుడి కొడుకు ఏంగస్ వచ్చి “లా అగస్ ఈహ” ఇక్కడ ఉండనిమ్మన్నాడు. ఆయన సరేనన్నాడు. గడువయ్యాక వెళ్లమంటే ఏంగస్ కదల్లేదు. “లోకమంతా పగలూ రాత్రే కదా, నాకిచ్చింది అదేగా” అన్నాడు. ఇల్లు అతనిదైపోయింది. ‘లా’ అంటే పగలు, ‘ఈహ’ అంటే రాత్రి. ఐరిష్‌లో ‘ఒక’ అని చెప్పే ముక్క విడిగా ఉండదు కాబట్టి “ఒక పగలు, ఒక రాత్రి” అనీ వినొచ్చు, “పగలూ రాత్రీ, ఎప్పుడూ” అనీ వినొచ్చు. ఇంగ్లీషులో ‘ఎ’ పెట్టక తప్పదు, పెడితే కిటుకు పోతుంది. గైడ్ దాన్ని రెండుసార్లు విడమరిచి చెప్పాల్సొచ్చింది.

అప్పట్నుంచి పోతన పద్యం ఒకటి నోట్లో ఆడుతోంది. “ఒంటివాఁడ నాకు నొకటి రెండడుగుల మేర యిమ్ము”, ఆ తర్వాత ఎక్కడో “బ్రహ్మకూకటి”. మధ్యలో ముక్క రావడం లేదు. ఇంకోటి, వచ్చే నెల అమ్మానాన్నా వస్తున్నారు. అక్కడ నిలబడి వాళ్లకు ఈ కథ తెలుగులో చెప్పాలి. ఏంగస్ మాటను తెలుగులో ఎలా అనిపించాలి?

తెనాలి మాస్టారు:
“సొమ్ము మేర యొల్లఁ, గోర్కిఁ దీర” అమ్మా. అదే నీకు జారిపోయిన ముక్క. “గోర్కిఁ దీర బ్రహ్మకూకటి ముట్టెద, దానకుతుకసాంద్ర దానవేంద్ర”.

నీకు ఈ పద్యమే గుర్తుకు రావడంలో ఆశ్చర్యం లేదు. సంస్కృత భాగవతంలో వామనుడు “పదాని త్రీణి” అంటాడు. మూడంటే మూడు, దాపరికం లేదు. పోతన దాన్ని “ఒకటి రెండు” చేశాడు. చెవికి ‘ఏవో కాసిని’ అని వినిపిస్తుంది. కూడి చూస్తే మూడు. అడిగింది చిన్నది, పట్టేది లోకమంతా. మీ ఏంగస్ చేసిందీ అదేగా.

పాతపుస్తకం:
మాస్టారూ, ఈ కూడిక నేనూ చిన్నప్పట్నుంచి వింటున్నాను. ఇప్పటికీ ఒప్పుకోలేకపోతున్నాను. “ఒకటి రెండు రోజుల్లో వస్తా” అంటే మూడో రోజు వస్తాడని ఎవరైనా ఎదురుచూస్తారా? బలి కూడా అలా వినలేదు. వెంటనే “కొంచెమడిగితివో చెల్ల” అంటాడు. పైగా “గొడుగొ జన్నిదమొ” పద్యంలో “మూఁడడుగుల్ మేరయ” అని వడుగే స్వయంగా లెక్క తేల్చేశాడు. ధార పోయడం ఆ తర్వాత. ఇక మోసం ఎక్కడుంది?

తెనాలి మాస్టారు:
మోసం అని నేను అనలేదే. “కొంచెమడిగితివో” అన్నాడంటే కొంచెంగా విన్నాడనేగా! అంత మామూలు మాటలోనే మూడూ ఇమిడిపోయింది చూడు, నేను మురిసేది అందుకు. ‘గొడుగొ’ పద్యం వచ్చేసరికి ఆ లెక్క బయటపడుతుంది. ‘ఒకటి రెండు’ ముందు, ‘మూఁడు’ తర్వాత ఎందుకొచ్చాయో ఆలోచించు.

కళ్లం గట్టు:
మీరిద్దరూ ‘ఒకటి’ దగ్గరే ఆగిపోయారు. నాకు మొదట్నుంచీ అనుమానం ‘మేర’ మీద. రెండుసార్లు వచ్చింది. “అడుగుల మేర” అంటే అంత కొలత, సరే. “సొమ్ము మేర యొల్ల” దగ్గర కొలత అనుకుంటే నాకు రుచించదు. కళ్లంలో నూర్పిళ్లప్పుడు వడ్రంగికీ కమ్మరికీ చాకలికీ కొలిచిచ్చే ధాన్యాన్ని మేర అంటారు. మా తాతగారు కళ్లంలో ముందు మేరలు తీశాకే రాశి ఇంటికి తోలేవారు. “భూమి కొలత ఇవ్వు, పనివాడికిచ్చినట్టు సొమ్ములో వాటా వద్దు” అంటున్నాడని నా చదువు. బమ్మెర పొలాలు దున్నినవాడి నోట ఆ మాట రాదంటే నమ్మను.

పాతపుస్తకం:
కళ్లం గట్టు గారూ, అందమైన ఊహ. కానీ అది ఆటవెలది. రెండో పాదం ‘మేర’తో మొదలైంది. నాలుగో గణం మొదట యతి కుదరాలి. అందుకు ‘మేర’ మళ్లీ వచ్చింది. పైగా ‘గొడుగొ’ పద్యంలో ‘మేరయ’ కూడా కొలతే. వామనుడి నోట మూడుసార్లు వచ్చిన మాట ఒక్కసారి మాత్రం అర్థం మార్చుకుందంటే ఎలా?

కళ్లం గట్టు:
యతి కోసం పోతన అర్థం లేని మాట తెచ్చాడనుకోవడం నాకు కష్టం. యతి కుదిరే మాటలు బోలెడు. అందులో ఇదే ఎందుకు ఎంచుకున్నాడు?

శబ్దవేది:
ఇక్కడ ఎవరూ పట్టించుకోనిది ఆ నది పేరు. గ్రీకు భూగోళవేత్త టాలెమీ 2వ శతాబ్దంలో బోయిన్‌ను ‘బువింద’ అని రాశాడు. ఐరిష్‌లో ‘బో’ అంటే ఆవు, సంస్కృతంలో ‘గో’. మన గోవిందుడు అక్కడ నది పేరులో ఉన్నాడు. వామనుడు గుర్తుకు రాకుండా ఎలా ఉంటాడు!

పాతపుస్తకం:
‘బో’కీ ‘గో’కీ చుట్టరికం నిజమే. ‘వింద’ దగ్గర జాగ్రత్త. ఐరిష్ పుట్టిన కెల్టిక్ భాషాకుటుంబంలో అది తెలుపు, ఐరిష్‌లో ‘ఫిన్’ అయింది. బువింద అంటే తెల్లావు. గోవిందలోది విద్ ధాతువు, ‘పొందు, కనుగొను’ అని.

శబ్దవేది:
‘తెలుపు’ అనే ఆ మాట కూడా ‘చూడు’ అనే పాత ధాతువు నుంచే వచ్చిందనే భాషావేత్తలున్నారు. కళ్లకు కనబడేది తెలుపు, వెతికితే కనబడేది దొరకడం. అంత దూరం వెళ్తే రెండూ ఒకే గూటివి. దేవుడు ఒక్కడే అని నేననడం లేదు, మాట ఒక్కటి కావచ్చంటున్నాను.

బోయిన్ ఒడ్డు:
శబ్దవేది గారూ, ఆ నది పేరుతో ఒక దేవత ఉంది, బోవన్. దగ్గరకు రాకూడని బావి చుట్టూ ఎడమవైపుగా మూడుసార్లు తిరిగిందట. నీళ్లు పొంగి ఆవిడను సముద్రందాకా తరిమాయి. ఆ పారిన నీరే బోయిన్. ఏంగస్ ఆవిడ కొడుకే. ఆ బిడ్డ కోసం దగ్దా సూర్యుణ్ని 9 నెలలు కదలకుండా ఆపేశాడట. కడుపున పడ్డదీ పుట్టిందీ ఒకే పగలు. మరి అలా పుట్టినవాడు “పగలూ రాత్రీ” అడిగాడంటే నాకు ఒళ్లు జలదరించింది. ఇక్కడ చాలాచోట్ల ఇప్పటికీ పవిత్రమైన బావుల చుట్టూ పొద్దు తిరిగే వైపే, అంటే మన ప్రదక్షిణం వైపే తిరుగుతారు. దాన్ని ‘దెషల్’ అంటారు.

తెనాలి మాస్టారు:
అందులో ‘దెస్’ మన ‘దక్షిణ’ తోబుట్టువే అమ్మా. కుడి అనీ, దక్షిణపు దిక్కు అనీ వాళ్లకూ రెండర్థాలూ ఉన్నాయి. తెలుగులో ప్రదక్షిణం చేయడాన్ని ‘వలగొను’ అనేవారు. వల అంటే కుడి. ఈ ఒక్కమాట మీద వేరే చర్చ పెట్టాలి.

సన్నజాజి:
పాపం ఆ అమ్మాయి అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పలేదు. నా ప్రయత్నం: “రేయింబవళ్లు ఉండనివ్వు.”

పాతపుస్తకం:
రేయింబవళ్లు అన్నాక ఒక్కరోజు అనే అర్థం ఎలా వస్తుంది? ఎల్క్‌మర్ అప్పుడే తలుపేసేస్తాడు. “పగలూ రాత్రీ”లో కూడా ఆ దీర్ఘాలు తీసేయండి. ‘రోజు’కీ ‘రోజూ’కీ ఉన్న తేడా చూడండి, ఒక్క దీర్ఘంతో ‘ప్రతి’ వచ్చి కూర్చుంటుంది. “పగలు రాత్రి ఉండనివ్వు” అని పొట్టిగా అనిపిస్తేనే రెండు దారులూ తెరుచుకుని ఉంటాయి.

సన్నజాజి:
‘రోజూ’లో దీర్ఘం వేరు, ‘పగలూ రాత్రీ’లో దీర్ఘం వేరు కదండీ. ఇక్కడ అది ‘ను’ పోయి మిగిలింది. “అన్నా తమ్ముడూ వచ్చారు” అంటే ఇద్దరే వచ్చారు, ఎప్పుడూ వస్తారని కాదు. దీర్ఘం ఉండాలి. లేకపోతే ఎవరూ అలా మాట్లాడరు.

కళ్లం గట్టు:
నామవాచకం దగ్గర కొట్టుకోవడం ఎందుకు, క్రియ దగ్గర చూడండి. “పగలూ రాత్రీ ఉండిపోతాను.” ఉండి, పోతాను అని విరిచి వింటే చుట్టపుచూపు. కలిపి వింటే ఇక కదలడు. మా ఊళ్లో ఎవర్నడిగినా పట్టేస్తారు.

తెనాలి మాస్టారు:
బాబూ, ఇది పోతన మెచ్చే మాట. రెండు రోజులుగా నేను వెతుకుతున్నది నీ నోట వచ్చింది.

పాతపుస్తకం:
నాకూ నచ్చింది, కానీ ఒక చిక్కుంది. కథలో ఏంగస్ తర్వాత వాదించేది “లోకమంతా పగలూ రాత్రే” అని. కిటుకు కాలం మాటలో ఉంది. దాన్ని ‘ఉండిపోతాను’లోకి మారిస్తే ఆ వాదన నిలవదు. లోకమంతా పగలూ రాత్రే అనడానికి కారణమే పోతుంది.

కళ్లం గట్టు:
రెండూ ఉంటే తప్పేముంది? క్రియతో ఇంట్లోకి రానివ్వండి, పగలూ రాత్రితో ఇల్లు తీసుకోనివ్వండి.

బోయిన్ ఒడ్డు:
రాత్రి అమ్మకు ఫోన్ చేసి “పగలూ రాత్రీ ఉండిపోతాను అంటే ఏమనుకుంటావ్?” అని అడిగాను. “ఎవరే వచ్చేది, ఎన్నాళ్లుంటారు?” అంది. అంటే అమ్మకు రెండూ వినపడ్డట్టే! కథ చెప్పగానే పద్యం మొత్తం అందుకుంది. అయితే “నాకు నొకటి” అని కాస్త ఆగి, “రెండడుగుల” అని చదివింది. అలా ఆగితే మాస్టారు చెప్పిన కూడికే వినిపించింది నాకు.

పాతపుస్తకం:
‘నొకటిరెం’ ఒక గణం, ‘డడుగుల’ ఇంకో గణం. ‘ఒకటి’ తర్వాత ఆగితే గణం మధ్యలో తెగుతుంది.

తెనాలి మాస్టారు:
పద్యం పాడేవాళ్లు గణం చూసి ఊపిరి తీసుకోరు నాయనా. అమ్మా, అమ్మగారు చదివింది ఒకసారి రికార్డు చేసి ఇక్కడ పెట్టు. ఆగింది ‘టి’ మీదా, ‘రెం’ మీదా అని వినాలి.