చైనీస్ అక్షరాలకు గీతల వరుస అంత ముఖ్యమా? చూడ్డానికి సరిగ్గా ఉంటే చాలదా?

చైనా మెడికో:
ఎంబీబీఎస్ కోసం చైనాలో ఉన్నాను. ఇంటర్న్‌షిప్‌కి వెళ్లేలోపు చైనీస్ భాషా పరీక్ష హెచ్‌ఎస్‌కేలో 4వ స్థాయి పాసవ్వాలి. అక్షరం బాగానే వచ్చినా గీతల వరుస తప్పితే మా టీచర్ మళ్లీ రాయిస్తారు. కాగితం మీద ఏ గీత ముందు పడిందో దిద్దేవాళ్లకు కనిపించదు కదా! పరీక్ష కంప్యూటర్ మీద రాస్తే పిన్‌యిన్ (ఉచ్చారణని ఇంగ్లిష్ లిపిలో రాసే పద్ధతి) టైప్ చేసి అక్షరం ఎంచుకోవడమే. ఇక్కడ పుట్టిపెరిగిన వాళ్లు కూడా ఫోన్‌కి అలవాటుపడి, చేత్తో రాయబోతే అక్షరం గుర్తురాక ఆగిపోతుంటారు. అనాటమీ చదవాల్సిన టైమ్ దీనికి పోతోంది. వరుస నేర్చుకోవడం అవసరం లేదని నా అభిప్రాయం. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

గీతాభ్యాసం:
అవసరమే తమ్ముడూ. ఈ వరుస చెయ్యి కదిలే తీరులోంచి వచ్చింది. పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి. అడ్డగీత, నిలువుగీత ఒకదాన్నొకటి దాటే చోట అడ్డగీత ముందు. చుట్టూ గోడ ఉన్న అక్షరమైతే లోపల నింపాకే అడుగు మూయాలి. ‘దేశం’ అనే గువో చూడండి. మొత్తం 8 గీతలు. గోడకి రెండు, లోపల అయిదు, చివర అడుగున ఒకటి. ముందే పెట్టె మూసేసి లోపల నింపబోతే ఆ అయిదూ ఇరుక్కుంటాయి. చోటు సరిపోదని పెట్టె పెద్దది చేస్తే పక్క అక్షరంతో సైజు కుదరదు.

అసలు విషయం ఇంకొకటి ఉంది. మీరు రాయడం ఒక్కటే కాదు, ఇతరులు రాసింది చదవాలి. చెమట, కన్నీరు, ద్రవం, ఈ అక్షరాలన్నిటికీ ఎడమవైపు మూడు చుక్కల నీటి గుర్తు ఉంటుంది. పై రెండు చుక్కలు కిందికి పడతాయి, మూడోదాన్ని కింది నుంచి పైకి విసరాలి. గబగబా రాసేటప్పుడు కింది రెండూ కలిసిపోయి ఒకే వంపుగా మారతాయి. మూడో చుక్కని కూడా పై నుంచి కిందికి దించే అలవాటు ఉన్నవాడికి ఆ వంపు నీటి గుర్తేనని తట్టదు. రేపు వార్డులో డాక్టర్ చేతిరాత ముందు పెట్టుకుని అదేమిటో పోల్చుకోలేక కూర్చుంటాడు. వరుస తెలిసినవాడి చెయ్యి ఆ కలం వెంట వెళ్లగలదు.

టోక్యో తెలుగు:
గీతాభ్యాసం గారూ, సూత్రాలు సరే. కానీ ‘సరైన’ వరుస ఎవరిది? ‘రాజు’ అక్షరంలో ఉన్నవి నాలుగే గీతలు, మూడు అడ్డం, ఒకటి నిలువు. చైనా బడిలో రెండు అడ్డగీతల తర్వాత నిలువు. జపాన్ బడిలో ఒక అడ్డగీత కాగానే నిలువు. ‘కుడి’ అనే అక్షరాన్ని చైనాలో అడ్డగీతతో మొదలుపెడతారు, ఇక్కడ జపాన్‌లో ఎడమకి జారే గీతతో. అదే ‘ఎడమ’ అక్షరాన్ని ఇక్కడ కూడా అడ్డగీతతోనే మొదలుపెడతారు!

జపాన్ విద్యాశాఖ 1958లో 881 అక్షరాలకు వరుస చూపిస్తూ టీచర్ల కోసం ఒక పుస్తకం వేసింది. ఇందులో లేని వరుసలు తప్పని కాదు అని అందులోనే రాశారు. వరుస నిర్ణయించిన వాళ్లే అంత వెసులుబాటు ఇచ్చినప్పుడు, విదేశీ విద్యార్థి చేత మళ్లీ మళ్లీ రాయించడం నాకు అన్యాయంగానే కనిపిస్తోంది.

గీతాభ్యాసం:
‘రాజు’ గురించి మీతో తగాదా లేదు. చైనాలోనే వేగంగా రాసే శైలిలో చాలామంది జపాన్ బడి వరుసలోనే రాస్తారు. చైనా ప్రభుత్వం 1997లో 7,000 అక్షరాలకు వరుస ఖాయం చేసింది. 2021 మార్చి 1 నుంచి 8,105 అక్షరాలకు కొత్త ప్రమాణం అమల్లోకి వచ్చింది. నిఘంటువులో గీతల లెక్క సమానంగా ఉన్న అక్షరాల్లో ఏది ముందో తేల్చేది మొదటి గీతే, ఫోన్‌లో గీతలతో టైప్ చేసే పద్ధతికీ వరుసే ఆధారం. అందుకని ఒక పట్టిక కావాల్సి వచ్చింది. ఆ పట్టికకి కాస్త అటూ ఇటూ అయితే కొంప మునగదు. కానీ రెండు దేశాల మధ్య తేడా కొన్ని అక్షరాల్లోనే. నిలువుగీతని కింది నుంచి పైకి లాగమని మాత్రం ఎవరూ చెప్పరు. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పులు ఇలా ఏ దేశంలోనూ ఒప్పుకోని రకమే. వాటిని మొదట్లోనే దిద్దే టీచర్ మంచి టీచర్ అని నేను గట్టిగా నమ్ముతాను.

చైనా మెడికో:
మూడు చుక్కల మాట నాకు నచ్చింది, అది నాకు పనికొచ్చే కారణం. కానీ వేల అక్షరాలు చేత్తో రాసే ఓపిక నాకు లేదు, అంత అవసరమూ కనిపించట్లేదు. మెడికోలకి ఏవి చాలో చెప్పండి.

గీతాభ్యాసం:
అక్షరాలు కాదు, భాగాలు నేర్చుకోండి. నీటి గుర్తు అయింది. తర్వాత వ్యాధి గుర్తు, ‘జబ్బు’, ‘నొప్పి’ రెంటిలోనూ అదే. 5 గీతలు: పైన చుక్క, అడ్డగీత, ఎడమకి జారే గీత, దాని పక్కన చిన్న చుక్క, కింద పైకి విసురు. ఆపైన శరీర గుర్తు, 4 గీతలు. కాలేయం, ఊపిరితిత్తులు, మెదడు, కాలు అన్నిటికీ ఎడమవైపు అదే ఉంటుంది. ఈ మూడూ వరుస ప్రకారం చేతికి ఎక్కేదాకా రాయండి, మిగతావి టైప్ చేసుకోండి.

టోక్యో తెలుగు:
దీనికి నేనూ ఒప్పుకుంటాను. మళ్లీ రాయించే విషయంలో మాత్రం నా మాట మారదు.