1972 నాటి ఎయిర్‌స్ట్రీమ్ కొని బాగుచేసుకోవడమా, అద్దెకు తీసుకోవడమా?

కొలంబస్ కాపురం

అందరికీ నమస్కారం. మాది ఒహాయోలోని కొలంబస్. ఇక్కడికి గంటన్నర దూరంలో ఒకాయన పొలంలో 1972 నాటి ఎయిర్‌స్ట్రీమ్ ఓవర్‌ల్యాండర్ ఉంది. కారు వెనక తగిలించి లాక్కెళ్లే, మెరిసే అల్యూమినియం రేకు ఇల్లు లాంటి 27 అడుగుల ట్రెయిలర్, 9,000 డాలర్లు చెబుతున్నాడు. పదేళ్లుగా అక్కణ్నుంచి కదల్లేదట. రేకు మీద నాచు పట్టింది గానీ పెద్ద సొట్టలేమీ లేవు. 1969లో చంద్రుడి దాకా వెళ్లొచ్చిన ముగ్గురినీ ఎవరికీ అంటకుండా ఎయిర్‌స్ట్రీమ్‌నే మార్చి తయారుచేసిన డబ్బాలో విడిగా ఉంచారని మా పెద్దాడికి చెప్పాను. అప్పట్నుంచి రోజూ అదే మాట. వాడికి తొమ్మిదేళ్లు, చిన్నదానికి ఆరు.

మా ఆవిడ వద్దంటోంది. "ఆ డబ్బుతో ఏటా రెండుసార్లు అద్దెకు తీసుకున్నా పెద్దాడు కాలేజీకెళ్లే దాకా వస్తుంది" అంటుంది. నాకేమో మనదంటూ ఒకటుండాలని. పోయిన వేసవిలో అమ్మానాన్న వచ్చినప్పుడు హాకింగ్ హిల్స్ కొండలకు క్యాంపింగ్‌కి తీసుకెళ్లాం. గుడారంలో కింద పడుకోలేక నాన్న తెల్లారేదాకా కారు సీట్లో కూర్చున్నారు. అది నా మనసులోంచి పోవడం లేదు.

మాకున్నది టయోటా హైలాండర్ కారు, 5,000 పౌండ్ల వరకు లాగుతుంది. చేసినవాళ్లు చెప్పండి, కొనమంటారా?

మిషిగన్ మేస్త్రి

తమ్ముడూ, నేను 1974 నాటిదాన్ని మూడేళ్లు కూర్చుని బాగుచేశాను. 5,000కి కొన్నాను, పైన 19,000 పెట్టాను. నా సొంత కష్టం అందులో కలపలేదు. కొనాలా వద్దా అన్నది మెరిసే రేకు చూసి తేల్చుకోకు, నేల చూసి తేల్చుకో.

ఎయిర్‌స్ట్రీమ్‌లో కింద ఇనప ఫ్రేమ్, దానిమీద ప్లైవుడ్, ఆ ప్లైవుడ్ అంచు మీద రేకు పైగుల్ల కూర్చుంటాయి. మూడింటినీ కలిపి బోల్టులు బిగిస్తారు. మధ్యలో చెక్క కుళ్లిందంటే పైగుల్లకూ ఫ్రేముకూ సంబంధం తెగిపోయినట్టే. వెనకభాగంలో బాత్రూం ఉన్న 70ల నాటి పొడుగు మోడళ్లకు ఇది మామూలు జబ్బు. నీళ్లు బంపర్ దగ్గరి అతుకులోంచి ఏళ్ల తరబడి దిగుతాయి, పైకి ఏమీ కనబడదు.

నువ్వెళ్లినప్పుడు వెనక బంపర్ ఎక్కి నిలబడి మెల్లగా కుదుపు. పక్కన ఒకర్ని కూర్చోబెట్టి బంపర్‌కూ గుల్లకూ మధ్య సందు చూడమను. బంపర్ దిగి గుల్ల కదలకపోతే వెనకభాగం విడిపోయిందని అర్థం. తర్వాత సన్న స్క్రూడ్రైవర్ తీసుకుని లోపల మూలల్లో, బాత్రూం చుట్టూ, గుమ్మం దగ్గర నేలను పొడిచి చూడు. మంచి ప్లైవుడ్ టక్కుమంటుంది. నాది నానిన అట్టలా పిడి దాకా దిగిపోయింది.

ఇరుసులు కూడా చూడు. స్ప్రింగుల బదులు వాటి లోపల రబ్బరు కడ్డీలుంటాయి. యాభై ఏళ్లకు ఆ రబ్బరు బిగుసుకుపోతుంది. చక్రం తగిలించిన చెయ్యి కిందికి వాలి ఉండాలి. సమంగానో పైకో ఉంటే రెండు ఇరుసులూ మార్చాల్సిందే.

బరువు సంగతి ఇంకా ముఖ్యం. అది ఖాళీగానే దాదాపు 4,000 పౌండ్లు. 30 గ్యాలన్ల నీళ్లు పోస్తే మరో 250. మంచాలు, వంట సామాను, బ్యాటరీలు చేరేసరికి 5,000 దగ్గరికొస్తుంది. అందులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే కారుకు ట్రెయిలర్ తగిలించే కొక్కెం మీద పడాలి, లేకపోతే హైవే మీద ట్రెయిలర్ తోకలా ఊగుతుంది. అంటే తక్కువలో తక్కువ 500 పౌండ్లు. మీ ఆరుగురూ కలిసి 800 అనుకుంటే మొత్తం 1,300. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన స్టిక్కర్ ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఎంత దాటకూడదో దానిమీద రాసి ఉంటుంది. ముందు ఆ అంకె చూసి రా.

రాలీ అమ్మ

అన్నగారు బరువులు చెప్పారు, నేను ఇంకో లెక్క చెబుతాను. మా ఇంట్లో ఈ పని 2021లో మొదలైంది. ఒక్క వేసవిలో అయిపోతుందన్నారు మావారు. రెండు వేసవులు పోయాయి, శనాదివారాలన్నీ పోయాయి. రెండో క్లాసులో "మా నాన్న" అని నాలుగు వాక్యాలు రాయమంటే, మా పాప మొదటి వాక్యమే "మా నాన్న ట్రెయిలర్ కింద ఉంటాడు" అని రాసుకొచ్చింది. ఆ కాగితం చూసి ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

పిల్లల కోసం మొదలుపెట్టిన పని పిల్లల కాలాన్నే తినేస్తుంటే ఎవరి కోసం చేస్తున్నట్టు? మీవాడికి తొమ్మిదేళ్లు. ఇది పూర్తయ్యేసరికి పన్నెండు. అప్పుడు వాడికి స్నేహితులు కావాలి, మనతో కొండలెక్కడం కాదు. మీ ఆవిడ మాటే సరైంది, అద్దెకు తీసుకోండి.

ఇంకొకటి. మీ నాన్నగారు దారిలో నడుం నొప్పి అంటే వెనక ట్రెయిలర్‌లో పడుకోబెట్టుకుని వెళ్లొచ్చని అనుకోకండి. చాలా రాష్ట్రాల్లో అది నిషేధం, పైగా ప్రమాదం.

ఆస్టిన్ రివెట్

అక్కా, మీ బాధ అర్థమైంది గానీ నేను ఒప్పుకోను. మేం కొత్తదే కొన్నాం. మొదటి వర్షాకాలానికే కప్పు మూల కారింది. వారంటీ కింద బాగుచేస్తామని అమ్మినవాళ్లు తీసుకెళ్లి నాలుగు నెలలు వాళ్ల దగ్గరే ఉంచుకున్నారు. ఆ వేసవి మాకు క్యాంపింగే లేదు. కొత్తదైనా కాలం తినకుండా ఉండదు.

అది అమ్మేసి 60ల నాటి 17 అడుగులది తీసుకున్నాం. రేకు అతుకులకు రివెట్, అంటే రేకుల్ని కలిపే మేకు, కొట్టాలంటే ఇద్దరు కావాలి. బయట ఒకరు గన్‌తో కొడుతుంటే లోపల ఇంకొకరు సరిగ్గా ఆ రివెట్ వెనక ఇనప దిమ్మె అదిమి పట్టాలి. మా అబ్బాయికి అప్పుడు పదకొండేళ్లు. చెవులకు మఫ్స్, కళ్లకు అద్దాలు పెట్టి లోపల నిలబెట్టాను. మధ్యలో రేకు, ఒకరికొకరం కనబడం. ఒకసారి తడితే "కొట్టు", రెండుసార్లు తడితే "ఆగు". మొదటి రోజు పన్నెండు కొడితే ఐదు వంకరపోయాయి. వారం తర్వాత నేను కొట్టినదాంట్లో తప్పు వాడే చెప్పేవాడు. మీ పాప రాసిన వాక్యం నిజమే. కానీ నాన్న కింద ఉంటే పాప బయట ఎందుకుండాలి? తీసుకెళ్లండి లోపలికి.

రాలీ అమ్మ

పదకొండేళ్ల పిల్లాడు వేరు, ఏడేళ్ల పిల్ల వేరు. రేకుల మధ్య చలి ఆపడానికి కుక్కిన దూదిలో ఎలుకలు గూళ్లు కట్టి ఉంటాయి, అందులోకి పసిపిల్లను నేను పంపను.

మిషిగన్ మేస్త్రి

ఎలుకల విషయంలో చెల్లెమ్మ మాట నూటికి నూరుపాళ్లు నిజం. అడుగు రేకు విప్పినప్పుడు పిల్లలు దరిదాపుల్లో ఉండకూడదు. ఎలుక పెంటికల దుమ్ముతో హాంటావైరస్ వస్తుంది, పొడిగా ఊడవకూడదు. బ్లీచ్ నీళ్లు చల్లి, నాననిచ్చి, మాస్కూ గ్లవ్సూ వేసుకుని తడిగానే ఎత్తాలి.

కాలం గురించి మాత్రం నాదొక మాట. ఈ పనిలో చాలామంది, నాతో సహా, చేసే తప్పు అంతా పూర్తయ్యాకే బయల్దేరాలనుకోవడం. నేను అలమరలకు పాలిష్ చేస్తూ ఒక ఏడాది పోగొట్టాను. మళ్లీ చేస్తే నేల, ఇరుసులు, బ్రేకులు, టైర్లు, లైట్లు, ఇంతవరకే చేసి ఆ వేసవికే బయల్దేరతాను. లోపల ఏమీ ఉండదు, కింద పరుపులు వేసుకుంటాం. గుడారం కంటే నయమే కదా? వాన పడితే తడవం, పులిహోర డబ్బాలు ఓ మూల పెట్టుకుంటాం. మంచం ఎక్కడుండాలో, స్టవ్ ఎటుండాలో రెండు రాత్రులు పడుకుంటే తెలుస్తుంది. మిగతాది ఏడాదికి కాస్త.

పాత గ్యాస్ లైను మాత్రం పరీక్ష చేయించకుండా వెలిగించొద్దు. స్టవ్ బయటే పెట్టుకోండి, మన తాలింపుకు అదే మంచిది. కార్బన్ మోనాక్సైడ్ అలారం మొదటి రాత్రి నుంచే ఉండాలి. కప్పు కారితే సిలికాన్ పూయొద్దు, తర్వాత దానిమీద ఇంకేదీ అంటుకోదు.

కొలంబస్ కాపురం

శనివారం వెళ్లొచ్చాం. మా ఆవిడ కూడా వచ్చింది. నేను బంపర్ ఎక్కి కుదిపితే పెద్దాడు కింద కూర్చుని చూశాడు. "నాన్నా, ఇది దిగుతోంది, అది దిగట్లేదు" అని అరిచాడు. వాడి వేలు పట్టేంత సందు. బాత్రూంలో స్క్రూడ్రైవర్ సగం దాకా దిగింది. ఆయన 6,000కి ఇస్తానన్నాడు. హైలాండర్ తలుపు దగ్గరి స్టిక్కర్ అప్పటికే చూసుకున్నాను కాబట్టి వద్దని చెప్పేశాను.

వచ్చేటప్పుడు కారులో పెద్దాడు మాట్లాడలేదు. చివరికి మా ఆవిడే అంది, "చిన్నది ఏదైనా దొరికితే నేనూ వచ్చి పొడిచి చూస్తాను" అని.

జూన్ రెండో వారానికి హాకింగ్ హిల్స్‌లో ఒకటి అద్దెకు తీసుకున్నాం. నాన్నకు కింది మంచం. ఆస్టిన్ అన్నా, మీ 17 అడుగులది హిచ్ మీద ఎంత బరువు పడుతుందో ఒకసారి తూచి చెప్పగలరా? ఇండియానాలో అలాంటిదే ఒకటి అమ్మకానికి ఉంది.