పైలట్ల డీఎన్‌ఏ ముందే తీసి దాచాలా? మీరేమంటారు?

ఓర్వకల్లు నాన్న (ప్రశ్న పెట్టినవారు)

మాది కర్నూలు. మా అబ్బాయి కమర్షియల్ పైలట్ లైసెన్సు కోసం చదువుతున్నాడు. వాళ్ల బ్యాచ్‌లో ఒక వాదన నడుస్తోంది. లైసెన్సు ఇచ్చేటప్పుడే ప్రతి పైలట్ డీఎన్‌ఏ శాంపిల్ తీసి దాస్తే, రేపు జరగరానిది జరిగినప్పుడు మనిషిని గుర్తించడం తేలికని కొందరంటున్నారు. అది ఎవరి చేతిలో పడుతుందో తెలియకుండా ఇవ్వకూడదని మిగతావాళ్లు. నేను తీయాలనే అంటాను.

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున మన చిన్నటేకూరు దగ్గర హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు పోయారు. ముఖం చూసి చెప్పే పరిస్థితి లేదు. ఇంటివాళ్ల శాంపిల్స్ తీసుకుని, డీఎన్‌ఏ కలిశాకే దేహాలు అప్పగించారు. అదే ఏడాది జూన్ 12న అహ్మదాబాద్ విమాన ప్రమాదంలో చనిపోయిన 260 మందిలో 254 మందిని డీఎన్‌ఏతోనే గుర్తించారు. ఆఖరి ఫలితం వచ్చేసరికి జూన్ 28. పైలట్ రోజూ గాల్లో ఉండే మనిషి. ఆయన శాంపిల్ ముందే ఉంటే ఇంటివాళ్లకు ఆ నరకం తగ్గదా?

కడప ల్యాబ్

అన్నా, ఆలస్యం ఎక్కడ జరుగుతుందో చూడండి. ఇంటివాళ్ల రక్తం తీయడానికి ఒక పూట చాలు. కాలిన దేహం నుంచి డీఎన్‌ఏ రాబట్టడమే కష్టం. వేడికి అది ముక్కలైపోతుంది. తొడ ఎముక లోపలి నుంచో, దవడ పళ్ల నుంచో తీయాలి, ఒక్కోసారి మళ్లీ మళ్లీ చేయాలి. మీ అబ్బాయి శాంపిల్ ముందే దాచి ఉన్నా ఈ పని ఒక్క గంట కూడా తగ్గదు.

పైగా ఇంటర్‌పోల్ పద్ధతిలో గుర్తింపుకు మూడు ప్రధాన ఆధారాలున్నాయి: వేలిముద్రలు, పళ్లు, డీఎన్‌ఏ. మంటల్లో వేళ్లు పోయినా పళ్లు చాలావరకు నిలుస్తాయి. దవడ మొత్తం కనిపించే ఎక్స్‌రే ఒకటి ఉంటే కొన్ని గంటల్లో చెప్పొచ్చు. దాంట్లో మనిషి జబ్బులూ ఉండవు, తండ్రి ఎవరన్నదీ ఉండదు. పళ్ల రికార్డు సంగతి ఎవరూ ఎందుకు ఎత్తరో నాకు అర్థం కాదు.

నల్లమల

2009 సెప్టెంబర్ 2న పావురాలగుట్ట దగ్గర ముఖ్యమంత్రి హెలికాప్టర్ కూలినప్పుడు అందులో ఇద్దరు పైలట్లు కూడా పోయారు. ఆ రాత్రంతా అడవి చుట్టుపక్కల ఊళ్లు నిద్రపోలేదు. కాబట్టి ఈ విషయం మనకు దూరంది కాదు. నా ఓటు ఓర్వకల్లు అన్నకే.

రెండో సీటు

నేను ఎయిర్‌లైన్‌లో కోపైలట్‌ని, సొంతూరు ఆదోని. నా వేలిముద్రలు తీసుకోండి, పళ్ల ఎక్స్‌రే తీసుకోండి. రక్తం మాత్రం ఇవ్వను. ఎందుకో చెప్తా.

గుర్తింపు కోసం ల్యాబ్ తయారుచేసే ప్రొఫైల్ కొన్ని అంకెలే. దాని నుంచి జబ్బుల గురించి దాదాపు ఏమీ తెలియదు. కానీ ఫ్రీజర్‌లో ఉండేది ప్రొఫైల్ కాదు, రక్తం. దాన్ని రేపు ఎవరైనా, దేనికైనా పరీక్షించుకోవచ్చు. హైదరాబాద్‌లోని కణ, జన్యు పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఇతర సంస్థలతో కలిసి 2009లో ఒక సంగతి బయటపెట్టారు. ఎంవైబీపీసీ3 అనే గుండె కండర జన్యువులో ఒక చిన్న ముక్క లోపం మన ఉపఖండంలో సుమారు 4 శాతం మందికి ఉందని, దానికి గుండె జబ్బుతో సంబంధం ఉందని. అది ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు. చాలామంది హాయిగా బతికేస్తారు. కానీ క్లాస్ 1 మెడికల్ (పైలట్లు పాసవ్వాల్సిన ఆరోగ్య పరీక్ష) మీద బతికే మాకు, ఆ పేరు ఫైల్లోకి ఎక్కితే చాలు. ఈసీజీ బాగుంది, ఎకో బాగుంది, అయినా 'ఎందుకైనా మంచిది' అని ఒకరు పక్కన కూర్చోబెడితే ఇంటి లోన్ ఎవరు కడతారు?

అనంత టీచర్

తమ్ముడూ, నీ భయం నిజమే. కానీ ఇంటివాళ్ల రక్తం ఉంటే చాలనే మాట నేను ఒప్పుకోను. మా వాడు దత్తత బిడ్డ. వాడికి ఏమైనా అయితే నా రక్తం ఎందుకూ పనికిరాదు. దత్తత సంగతి తెలియని బంధువుల ముందు, మార్చురీ వరండాలో, 'మీతో కలవలేదమ్మా' అని చెబితే ఆ తల్లి పరిస్థితి ఏంటి?

ఇంకో మాట. ఒకే తల్లిదండ్రుల ఇద్దరు కొడుకులు ఒకే ప్రమాదంలో పోతే, తల్లిదండ్రుల శాంపిల్‌తో ఇద్దరూ వాళ్ల బిడ్డలే అని తెలుస్తుంది కానీ, ఎవరు పెద్దోడో ఎవరు చిన్నోడో తెలియదు. మన సీమలో మేనరికాలు ఎక్కువ. రక్తం దగ్గర దగ్గరగా ఉన్న ఇళ్లలో దూరపు బంధువుల శాంపిల్‌తో లెక్క ఇంకా చిక్కుబడుతుంది. మనిషి సొంత శాంపిల్‌కు ఉన్న విలువ వేరు.

కడప ల్యాబ్

మేడమ్ చెప్పింది పూర్తిగా నిజం. తల్లి వైపు నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏతో అద్భుతాలు జరిగాయి. 1972లో వియత్నాంలో కూలిన అమెరికా పైలట్ మైకేల్ బ్లాసీ అవశేషాలు ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో అజ్ఞాత సైనికుడి సమాధిలో ఉండేవి. 1998లో తల్లి, చెల్లి రక్తంతో పోల్చి పేరు చెప్పారు. కానీ అక్కడ సొంత తల్లి, సొంత చెల్లి ఉన్నారు.

కడప వకీలు

నాకు సైన్సు మీద గొడవ లేదు. చట్టం ఏదీ అన్నదే నా ప్రశ్న.

డీఎన్‌ఏ వాడకానికి నియమాలు పెట్టే మన బిల్లు 2019 జనవరిలో లోక్‌సభ దాటింది, మురిగిపోయింది, అదే ఏడాది జూలైలో మళ్లీ పెట్టారు, 2023 జూలైలో వెనక్కి తీసుకున్నారు. అంటే పైలట్ రక్తం ఎవరు దాచాలి, ఎవరు తెరవాలి, ఎప్పుడు కాల్చేయాలి అని చెప్పే ప్రత్యేక చట్టమే లేదు. 2023 డేటా రక్షణ చట్టంలో ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రానికే ఉంది. ఇంకోవైపు 2022 నాటి నేర గుర్తింపు చట్టం కింద అరెస్టయినవాళ్ల కొలతలు, జీవ నమూనాల వివరాలు 75 ఏళ్లు ఉంచొచ్చు. పైలట్ల శాంపిల్స్, ఆ నేర రికార్డులు ఒకే గదిలోకి రావని ఎవరు హామీ ఇస్తారు?

అమెరికా సైన్యం 1992 నుంచి సైనికుల రక్తం కార్డుల మీద దాస్తోంది. చనిపోయాక గుర్తించడానికేనని చెప్పారు. 1995లో ఇద్దరు మెరైన్లు 'మేం ఇవ్వం' అని నిలబడితే కోర్టు మార్షల్ చేశారు. ఆ గొడవ వల్లే కావచ్చు, దాచే గడువు 75 ఏళ్ల నుంచి 50కి తగ్గించారు, సర్వీసు ముగిశాక అడిగితే ధ్వంసం చేస్తామన్నారు. తర్వాత 2002లో చట్టం మార్చి, కోర్టు ఆదేశంతో తీవ్ర నేరాల కేసుల్లోనూ వాడుకోవచ్చన్నారు. పెట్టినప్పుడు ఒక ప్రయోజనం, పదేళ్లకు ఇంకొకటి. 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కు అన్నది ఇలాంటివాటి కోసమే.

నల్లమల

ఆధార్‌లో అందరి వేలిముద్రలూ ఉన్నాయి కదా సార్, అవే వాడొచ్చుగా?

కడప వకీలు

కుదరదు. ఆధార్ చట్టం 29వ సెక్షన్ ప్రకారం వేలిముద్ర, కనుపాప వివరాలు ఏ కారణంతోనూ ఎవరికీ ఇవ్వకూడదు. నాకైతే అది మంచి నియమమే. డీఎన్‌ఏకూ అంత గట్టి మాట రాయమంటున్నాను.

ఓర్వకల్లు నాన్న

అందరి మాటా చదివాను. గుర్తించకపోతే జరిగే నష్టం కూడా చిన్నది కాదు. 2010 మంగళూరు ప్రమాదంలో 158 మంది పోతే, హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీ పరీక్షలు చేశాక కూడా 12 దేహాలు పేరు లేకుండానే మట్టిలో కలిశాయి. ఆ ఇళ్లవాళ్ల గురించి ఆలోచించండి.

సరే, ఒక మాట అడుగుతా. శాంపిల్ ప్రభుత్వం దగ్గర కాకుండా మన ఇంట్లోనే ఉంటే?

కడప ల్యాబ్

ఉండొచ్చు అన్నా. రక్తపు చుక్కలు ప్రత్యేక కాగితపు కార్డు మీద ఆరబెట్టి, తేమ తగలకుండా ఉంచితే ఏళ్ల తరబడి పనికొస్తుంది. ఫ్రీజర్ అక్కర్లేదు, ప్రొఫైల్ తీయాల్సిన పనీ లేదు. ప్రమాదాల్లో ఇప్పటికే ఇంట్లోని టూత్‌బ్రష్, రేజర్ తెప్పించుకుని పోలుస్తారు. వాటికన్నా ఇది నయం. ఇద్దరు సాక్షుల ముందు కవరు అంటించి, మూత మీద సంతకం, వేలిముద్ర వేయిస్తే ఎవరిదన్న అనుమానం కూడా తగ్గుతుంది. పళ్ల ఎక్స్‌రే కాపీ కూడా అందులోనే పెట్టండి.

అనంత టీచర్

ఇది నాకు నచ్చింది. మా వాడితో మాట్లాడి చేయిస్తాను.

రెండో సీటు

నేనూ ఒప్పుకుంటా. నా కార్డు నా భార్య దగ్గర ఉంటుంది, ఉద్యోగం మానేసిన రోజు నేనే తగలబెడతా. కానీ దీన్ని లైసెన్సు షరతు చేయకూడదు.

కడప వకీలు

అవును. ఇవ్వకపోతే లైసెన్సు రాదంటే దాన్ని సమ్మతి అనలేం. ఓర్వకల్లు అన్నా, మీ అబ్బాయి బ్యాచ్ ఏదైనా వినతిపత్రం రాస్తే ఆ వాక్యం మొదట పెట్టించండి. డ్రాఫ్టు నేను చూసి పెడతాను.