మిర్చి కల్లానికి కాపలా: కంచెకు కరెంటు పెట్టొచ్చా?

ప్రశ్న: గుంటూరు దగ్గర పల్లె. ఇంటి పెరట్లోనే కల్లం, మిర్చి ఎండుతోంది. కంచెకు కరెంటు పెట్టమంటున్నారు, 6 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే దానంతటదే ఆపేసే స్విచ్చు) ఉంటే ఏం కాదంటున్నారు. దొంగ దొరికితే కొట్టొచ్చా?

జవాబు 1: అన్నా, ఆ పని అస్సలు చేయొద్దు. 6 ఆంపియర్ల ఎంసీబీ మనిషిని కాపాడదు. 0.1 ఆంపియర్ ఒంట్లోంచి పోయినా ప్రాణం పోతుంది, ఎంసీబీ మాత్రం పడదు. తెల్లారి ముట్టుకునేది మీ కూలీలో, పక్కింటి పిల్లాడో. చనిపోతే జైలుకెళ్లేది మీరే.

జవాబు 2: ముందు పెరటి తలుపు చూడండి. గొళ్లేనికి అంగుళం స్క్రూలే ఉంటాయి, గునపంతో ఒక్క పోటుకి ఊడొస్తాయి. వాటి బదులు చెక్కలోంచి అవతలికి పోయే బోల్టులు వేసి, నట్లు లోపలివైపు బిగించండి. లోపల పైనా కిందా గడియలు పెట్టండి. కదలికను బట్టి వెలిగే సెన్సర్ లైటు ఏడెనిమిది అడుగుల ఎత్తులో, మనిషి దానికి అడ్డంగా నడిచేలా బిగించాలి. ఎదురుగా వస్తే ఆలస్యంగా పసిగడుతుంది. ఊగే కొమ్మల వైపు పెడితే ఊరికే వెలుగుతుంది.

జవాబు 3: చట్టం సంగతి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నేరాల చట్టం భారతీయ న్యాయ సంహిత. అందులో 34 నుంచి 44 సెక్షన్లు ఒంటినీ ఆస్తినీ కాపాడుకునే హక్కు గురించి. అవసరానికి మించి గాయపరచకూడదు (37). రాత్రిపూట ఇల్లు పగలగొట్టి చొరబడితే హక్కు ప్రాణం తీసేదాకా వెళ్తుంది (41), అప్పుడూ 37 వర్తిస్తుంది. ఆరుబయట కల్లంలో బస్తా ఎత్తుకెళ్లడం మామూలు దొంగతనం, ప్రాణభయం గానీ తీవ్రగాయం భయం గానీ లేకపోతే అంత హక్కు లేదు. దొరికినవాణ్ణి స్తంభానికి కట్టి కొడితే నేరం మీది. పట్టుకుని 112కి ఫోన్ చేయండి.