జీవశాస్త్రం పాఠాలకు పిల్లలే చేసి చూసే వనరులు ఉంటే చెప్పండి

నమస్కారమండీ. విశాఖపట్నంలో పెందుర్తి వైపు ఎనిమిది, తొమ్మిది తరగతులకు సైన్స్ చెబుతాను. పుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక దీక్షాలోని వీడియోలు చూపిస్తున్నాను. బాగానే ఉన్నాయి, కానీ పిల్లలు చూస్తూ కూర్చోవడమే, చేతికి పని ఉండదు.

కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అంటే స్క్రీన్ మీద పిల్లలే మార్చి చూసే ప్రయోగాలు, ఉచితం. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. మొన్న వాటిలో విద్యుత్ వలయం సిమ్యులేషన్ తెరిచి ఇచ్చాను. ఎప్పుడూ నోరు విప్పని పాప ఒకతి తీగతో బ్యాటరీ రెండు కొసలూ నేరుగా కలిపేసింది. స్క్రీన్ మీద మంటలు! "టీచర్, మా ఇంట్లో ఫ్యూజు పోయేది ఇందుకేనా?" అంది. ఆ ప్రశ్న కోసం నేను ఏడాదంతా ఎదురుచూశాను.

కణ విభజనకి, గుండె పనితీరుకి ఇలాంటివి నాకు దొరకడం లేదు. మా దగ్గర ఉన్నవి రెండు పాత ల్యాప్‌టాప్‌లు, నా ఫోను. వాన పడితే సిగ్నల్ పోతుంది, పాఠం మధ్యలో ఆగుతుందేమోనని ఒకటే టెన్షన్. కాబట్టి ఆఫ్‌లైన్‌లో నడవాలి. ఇంగ్లీషులో ఉన్నా పర్వాలేదు, నేను తెలుగులో చెప్పుకుంటాను. మీరు క్లాసులో స్వయంగా వాడినవే చెప్పండి. పిల్లలు ఎక్కడ తడబడ్డారో కూడా రాస్తే చాలా మేలు చేసినవారవుతారు.