గుల్‌మార్గ్‌లో తాడు దాటి స్కీయింగ్: మంచు చరియల రిస్క్ ఎలా చూసుకుంటున్నారు?

పటమట_స్కీ: ఫిబ్రవరిలో గుల్‌మార్గ్ వెళ్తున్నాం, నలుగురం, అంతా బెజవాడ వాళ్లమే. బేసిక్ కోర్సు అయిపోయింది. ఈసారి అఫర్వాత్ శిఖరం పైనుంచి, స్కీయింగ్ హద్దుగా కట్టిన తాడు దాటి పక్క లోయల్లోకి దిగాలని ఉంది. మంచు ఎలా ఉందో పొద్దున్నే ఎక్కడ చూసుకోవాలి? పెద్ద సైజు బూట్లు అద్దెకి దొరుకుతాయా? ఇన్సూరెన్స్ ఎలాంటిది తీసుకోవాలి?

బ్రాడీపేట_4/14: ఇన్సూరెన్స్ సంగతి నన్నడగండి. మోకాలు తిరిగి క్లెయిమ్ పెడితే అడ్వెంచర్ స్పోర్ట్స్ కవర్ కాదని తిప్పి పంపారు. తాడు బయట జరిగినదానికి కూడా వర్తిస్తుందని పాలసీ కాగితం మీద రాసి ఉండాలి. ఏజెంట్ నోటిమాట నమ్మొద్దు.

లబ్బీపేట_అక్క: ముందు బతికి రావాలి కదండీ. స్కీ పెట్రోల్ (వాలుల మీద భద్రత చూసే సిబ్బంది) వాళ్లు చూసుకునేది గొండోలా, అంటే కేబుల్ కార్, కింద ఉన్న మెయిన్ బౌల్ వరకే. 2023 ఫిబ్రవరి 1న ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయింది ఆ అఫర్వాత్ మీదే. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఒక రష్యన్. మమ్మల్ని తీసుకెళ్లిన గైడు అందరికీ కలిపి ఒక్క బీకన్ (మంచు కింద పడ్డవాళ్లని వెతకడానికి సిగ్నల్ పంపే పరికరం) ఇచ్చి "ఏం కాదు మేడమ్" అన్నాడు. కట్టిన డబ్బు పోతే పోయిందని వెనక్కి వచ్చేశాం.

కొండవీడు_ట్రెక్కర్: అంత టెన్షన్ అక్కర్లేదండీ. మంచు పడ్డాక రెండ్రోజులు ఆగితే గట్టిపడిపోతుంది. 2024లో బెజవాడ మొగల్రాజపురంలో కొండచరియ పడింది చూశాం కదా, వాన తగ్గితే ప్రమాదమూ తగ్గుతుంది.

మాజీ_ఫౌజీ_గుంటూరు: తప్పు. ఇలాంటి సలహాలతో మనుషుల్ని చంపకండి. మొగల్రాజపురంలో కింద ఇళ్లలో ఉన్నవాళ్ల మీద పడింది. ఇక్కడ ఎక్కువసార్లు స్కీయర్ బరువుకే తెగుతుంది. అడుగున ఒకదానికొకటి అతుక్కోని గింజల పొర, దాని మీద గాలి తెచ్చి పేర్చిన గట్టి పలక. చలి బాగా ఉంటే ఆ అడుగు పొర వారాల తరబడి అలాగే ఉంటుంది. కాలు పెడితే మంచు ధబ్బుమని కుంగినా, స్కీ ముందు పగులు పరిగెత్తినా ఇక అక్కణ్నుంచి వెనక్కే. వాలు 30 నుంచి 45 డిగ్రీలుంటే అసలు ప్రమాదం అక్కడే. స్కీ పోల్‌ని వాలు మీద పడుకోబెట్టి దానికి ఫోన్ ఆనిస్తే కొలత వచ్చేస్తుంది. నేను సియాచిన్‌లో చేసినవాణ్ని, ఎక్కడో చదివి చెప్పట్లేదు.

కొండవీడు_ట్రెక్కర్: సియాచిన్‌లోనే కదా సార్, జవాను హనుమంతప్ప మంచు కింద ఆరు రోజులు బతికింది?

మాజీ_ఫౌజీ_గుంటూరు: ఆయన పేరు ఇలా వాడొద్దు. 2016 ఫిబ్రవరి 3న టెంట్‌లో ఉండగా మీద పడింది, గాలి ఆడే జాగా దొరికింది. బయటికి తీసినా 11న ఆసుపత్రిలో పోయారు. మిగతా తొమ్మిది మంది, మన కర్నూలు జిల్లా ముస్తాక్ అహ్మద్‌తో సహా, దక్కలేదు. స్కీయర్‌కి టెంట్ ఉండదు. పావుగంటలో తీస్తే చాలామంది బతుకుతారు, అరగంట దాటితే ఆశ బాగా తగ్గిపోతుంది. రెస్క్యూ వాళ్లు వచ్చేదాకా ఆగే టైమ్ కాదది. పక్కనున్న మీ వాళ్లే తవ్వి తీయాలి.

కొండవీడు_ట్రెక్కర్: నేనెవర్నీ అగౌరవపరచలేదు. గొంతు పెంచితే మీ మాట నిజమైపోదు. మార్చిలో మంచు సర్దుకోవడం కళ్లారా చూశాను.

లబ్బీపేట_అక్క: మార్చి ఎండకి మధ్యాహ్నం తడిమంచు జారుతుంది. అది ఇంకో రకం. ఆయన అడిగింది ఫిబ్రవరి గురించి.

సత్తెనపల్లి_రైల్వే: హిమసాగర్ రైలు వారానికి ఒక్కటే, ముందే బుక్ చేసుకోండి. కత్రా దాకా వెళ్తుంది, అక్కణ్నుంచి శ్రీనగర్‌కి ఇప్పుడు వందేభారత్ ఉంది.

పటమట_స్కీ: రిపోర్ట్ ఎక్కడ చూడాలో ఎవరైనా చెప్పండి, ప్లీజ్.

లబ్బీపేట_అక్క: రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో వాళ్ల డీజీఆర్‌ఈ అని మంచు చరియల హెచ్చరికలిచ్చే సంస్థ, చండీగఢ్‌లో ఉంది. వాళ్ల హెచ్చరిక జిల్లాలవారీగా, ఎత్తుతో సహా వస్తుంది. గుల్‌మార్గ్ బారాముల్లా జిల్లా కిందకి వస్తుంది. కానీ అది జిల్లా మొత్తానికి, మీరు దిగే వాలుకి కాదు. పొద్దున్నే స్కీ పెట్రోల్‌ని కూడా అడగండి. ముందురోజు గాలి ఎటు వీచిందో కనుక్కోండి, మంచు పేరుకునేది గాలికి అవతలి వైపు.

బ్రాడీపేట_4/14: ఆ హెచ్చరికలో ప్రమాదం అయిదు లెవల్స్‌లో 3 అని ఉంటే "మధ్యస్తం" అనుకుని దిగిపోతారు. చాలా దేశాల్లో ఎక్కువ మంది పోయేది ఆ 3 రోజునే.

మాజీ_ఫౌజీ_గుంటూరు: పటమట తమ్ముడూ, బీకన్, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ముగ్గురి దగ్గరుండి నాలుగోవాడి దగ్గర లేకపోతే వెళ్లకండి. నా దగ్గర రెండు బీకన్లున్నాయి. వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికల్లా సూర్యలంక బీచ్‌కి రండి. సంచిలో ఒకటి పెట్టి ఇసుకలో పాతుతాను, ఎంతసేపట్లో తీస్తారో చూద్దాం. కొండవీడు తమ్ముణ్ని కూడా రమ్మంటున్నా. పార ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.